ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు ఏం చెబుతాయి?



నెలల తరబడి తగ్గని పొడిదగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ రెండూ కనిపిస్తే మనలో చాలామంది టీబీ అనో, ఆస్తమా అనో అనుకుంటారు. ఈ రెండూ కాని జబ్బులు కూడా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల పలుచని గోడలు వాచి, క్రమంగా మచ్చకట్టి గట్టిపడిపోతాయి. ఈ జబ్బులన్నిటినీ కలిపి ఐ.ఎల్.డి. అంటారు. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు. అయితే మచ్చకట్టిన భాగం తిరిగి మామూలు కాదు. కాబట్టి ఏ రకమో త్వరగా తేల్చుకోవడం ముఖ్యం.

ఎలా తేలుస్తారు?

ముందుగా మీరు చెప్పే వివరాలు, తర్వాత సీటీ స్కాన్, ఊపిరి పరీక్షలు. అప్పటికీ అనుమానం తీరకపోతే బ్రాంకోస్కోప్ అనే సన్నని గొట్టం ద్వారా సెలైన్ పంపి, ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని కడిగి, ఆ నీటిని వెనక్కి తీసి కణాలను లెక్కిస్తారు. పొగతాగని ఆరోగ్యవంతుల్లో ఆ కణాల్లో 85 శాతానికి పైగా మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తను మింగే కణాలు ఉంటాయి. లింఫోసైట్లు 10 నుంచి 15 శాతం ఉంటాయి. ఇవి 25 శాతం దాటితే కొన్ని రకాల ఐ.ఎల్.డి.ని అనుమానిస్తారు.

లింఫోసైట్లు మైక్రోస్కోపులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటి పైపొర మీదుండే గుర్తులను బట్టి సీడీ4, సీడీ8 అని వేరుచేస్తారు. ఈ సీడీ పేర్ల పద్ధతి 1982లో పారిస్‌లో జరిగిన సదస్సుతో మొదలైంది. సీడీ8 కన్నా సీడీ4 కణాలు మూడున్నర రెట్లు మించి ఉంటే సార్కాయిడోసిస్ వైపు మొగ్గు. పావురాల రెట్ట, బూజు వంటివి పడకపోవడం వల్ల వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌లో సీడీ8 ఎక్కువగా ఉండవచ్చు. కానీ అందరిలోనూ అలా ఉండదు. టీబీలో కూడా సీడీ4 పెరగవచ్చు. కాబట్టి ఈ లెక్క ఒక సాక్ష్యమే కాని తీర్పు కాదు.

హెచ్.ఐ.వి. ఉన్నవారికి రక్తంలో సీడీ4 లెక్కిస్తారని మీరు వినే ఉంటారు. ఊపిరితిత్తి కడిగిన నీటిలో చేసే ఈ పరీక్ష వేరు. ఇది రాశారని భయపడనక్కరలేదు.

మీ మాటే మొదటి పరీక్ష

మన దేశంలో 2012 నుంచి 2015 వరకు 1,084 మంది ఐ.ఎల్.డి. రోగుల వివరాలు సేకరించారు. వారిలో 47 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. వీరిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్లు వాడినవారే. కారణం ఇంట్లోనే ఉంటే, దాన్ని తొలగించకుండా మందులు మింగి ఏం లాభం?

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న మన విశాఖలో మరో ప్రశ్న కూడా అడగాలి: మీ పని ఏమిటి? ఇసుక, రాతిధూళి పీల్చినవారికి సిలికోసిస్ రావచ్చు. ఎక్స్‌రేలో సిలికోసిస్, సార్కాయిడోసిస్, టీబీ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ ముప్పు ఎక్కువ. సార్కాయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే, అది నిజానికి టీబీ అయితే ముదిరిపోతుంది. టీబీ అనుకుని మందులు వాడుతుంటే, అది ఐ.ఎల్.డి. అయితే ఆ నెలల్లో మచ్చ పెరిగిపోతుంది.

కాబట్టి డాక్టరు గారికి ఇవి తప్పక చెప్పండి:

1. ఇప్పటివరకు చేసిన పనులన్నీ, మానేసినవి కూడా.
2. ఇంట్లో పావురాలు, పక్షులు, కూలర్, చెమ్మ గోడలు ఉన్నాయా?
3. పొగతాగే అలవాటు.
4. కీళ్ళనొప్పులు, వాడుతున్న మందులు.
5. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?

కళ్ళె పరీక్షలో టీబీ తేలకుండానే మందులు వాడుతూ, ఆయాసం తగ్గకపోతే ఛాతీ వైద్య నిపుణులను కలవండి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి, వెంట తీసుకెళ్ళండి. కణాలు చెప్పేది సగమే, మిగతా సగం మీరే చెప్పాలి.