శాస్త్రజ్ఞుని స్వాతంత్ర్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట మన గ్రామమునకు గర్వకారణము. ఇచ్చట పరస్పర విరుద్ధములైన గ్రంథములు ఒకే బీరువాలో పక్కపక్కనే యుండును. ఒకదాని కొరకు రెండవదానిని ఎవరును బయట పారవేయరు. శాస్త్ర విషయములందును ఇట్టి మర్యాద అవసరమని మనవి చేయుటయే నా ఉద్దేశము.

మన శేషాచలమునందలి ఎర్రచందనమునే తీసికొందము. తూర్పు కనుమల దక్షిణ భాగమున దక్క ఈ వృక్షము సహజముగా మరెచ్చటను పెరుగదు. 1995లో దీని విదేశ వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడిక క్రిందికి తెచ్చిరి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వారు 2018లో దీనిని ప్రమాదమునకు చేరువలోనున్న తరగతికి మార్చిరి. 2021లో మరల అంతరించు ప్రమాదముగల తరగతిలో చేర్చిరి. మూడేండ్లలోనే మాట మారినదని నవ్వుకొనవలదు. కొత్త ఆధారము లభించినప్పుడు పాత నిర్ణయమును దిద్దుకొనుటయే శాస్త్రము.

అయితే ఈ తరగతుల వెనుక మన బ్రదుకులున్నవి. రైతు తన పొలములో పెంచిన ఎర్రచందనమును నరికి తరలించుటకైనను అటవీశాఖ అనుమతి కావలెను. అడవిలో చెట్లు వృద్ధియగుచున్నవని ఒక పరిశోధకుడు వ్రాసినచో, దొంగరవాణాదారులకు తోడ్పడినాడని నింద వచ్చును. తరిగిపోవుచున్నవని వ్రాసినచో, రైతుకు శత్రువని పేరు వచ్చును. ఈ నిందలకు వెరచి అతడు కొండపై లెక్కించినదానిని దాచినచో, నష్టపడునది అడవియు, రైతును కూడ.

హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును స్థాపించిన డాక్టరు పుష్పమిత్ర భార్గవగారు 2008లో సుప్రీంకోర్టు ఆదేశముచే జన్యుమార్పిడి పంటలను పరిశీలించు కేంద్ర సంఘమునకు ఆహ్వానితులైరి. 2009 అక్టోబరులో ఆ సంఘము బీటీ వంకాయకు ఆమోదము తెలుపగా, అవసరమైన పరీక్షలు జరుగలేదని వారు నిర్భయముగా విభేదించిరి. పిమ్మట హైదరాబాదుతో సహా ఏడు నగరములలో బహిరంగ చర్చలు జరిగినవి. 2010 ఫిబ్రవరి 9న కేంద్రమంత్రి జైరాం రమేశ్ గారు ఆ పంటను నిలిపివేసిరి. ఆ వంకాయ నిరపాయకరమని పలికిన శాస్త్రజ్ఞులును ఉండిరి. వారి మాటకును ఇదే రక్షణ కావలెను.

1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి, శుద్ధ శాస్త్రీయ రచన ప్రచురించుటకు అనుమతి అక్కరలేదనును. ప్రభుత్వ విధానమును విమర్శింపరాదనియు అనును. మరి నిబంధనలో వ్రాసిన హద్దు సరికాదని కొలతలవలన తేలినచో, దానిని ప్రకటించుట శాస్త్రమా, విమర్శయా? ఈ సందేహమే పలువురి నోళ్లు కట్టివేయును. కొలతను కొలతగా ప్రకటించుట నేరము కాదని నియమములలో స్పష్టముగా వ్రాయవలెను.

స్వాతంత్ర్యమనగా బాధ్యత లేకుండుట కాదు. ఎట్లు కొలిచినదియు, ధనమెవరిచ్చినదియు పరిశోధకుడు బయట పెట్టవలెను. తప్పున్నచో తోటివారు ఆధారములతో ఖండింపవలెను; పైవారు బదిలీలతోను, బెదిరింపులతోను కాదు. ఒక్క పరిశోధన వెలువడినంతనే చట్టము రద్దు కాదు. అది మారువరకు పాటించుట మన విధి.

తిరుపతిలో 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము కలదు. 2015లో నెలకొన్న భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ కలదు. మన కొండలను, చెరువులను గూర్చిన పరిశోధనల సారమును తెలుగున వ్రాయించి, ఇచ్చట చదివి వినిపించు ఏర్పాటు చేయుడని కార్యకర్తలకు నా విన్నపము. మనకు నచ్చినదానిని, నచ్చనిదానిని కూడ తెప్పించుడు. విని ప్రశ్నించు గ్రామము ఉన్నదని తెలిసినప్పుడు నిజము చెప్పువానికి ధైర్యము కలుగును.