చిన్న నోటు – పెద్ద సాక్ష్యం
(ఆళ్లగడ్డ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్సు అనగానే మన ఇళ్లలో డాక్టరు సీటు తప్ప ఇంకొకటి తలవరు. తప్పు పట్టడం లేదు, ఇంటి పరిస్థితులు అట్లాంటివి. కాని జీవశాస్త్రం చదివేవాళ్లకు మన ఊరి పక్కనే పని ఉంది. అదేమిటో చెప్పడానికి ఒక సాలెపురుగు సంగతి మనవి చేస్తాం.

1899లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని పొకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన ఒక పెద్ద సాలెపురుగును వర్ణించి పోయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. కాళ్లు చాపితే అరచెయ్యి నిండుతుంది. ఒళ్లంతా నెమలి కంఠం మాదిరి నీలం. అంతే, ఆ తర్వాత దాని జాడ లేదు. 102 ఏళ్లు గడిచాక 2001లో మళ్లీ కనపడింది. ఎక్కడ? గుత్తిలో కాదు. అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, మన నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ అడవిలో! నల్లమల కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

ఆ 102 ఏళ్లలో కట్టెలు కొట్టేవాళ్లు, పశువుల కాపర్లు దాన్ని చూడలేదంటారా? చూసే ఉంటారని మా నమ్మకం. పాత చెట్ల తొర్రల్లో ఉండే పురుగు అది. చూశారు, చెప్పుకున్నారు, మరిచిపోయారు. కాగితం మీదికి రాలేదు గనుక లోకం దృష్టిలో అది లేనట్టే అయింది.

కాగితం మీదికి వచ్చాక ఏమైందో చూడండి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో చేర్చింది. అది బతికే చోటు మొత్తం 100 చదరపు కిలోమీటర్ల లోపేనని అప్పటి లెక్క. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చి అంతర్జాతీయ వ్యాపారానికి అదుపు పెట్టారు. అడవిలో ఎవరో చూసి, రాసి, అచ్చు వేయించకపోతే ఆ పట్టికలకు ఆధారమేది?

ఇట్లాంటి సంగతులకు లావుపాటి గ్రంథం అక్కర్లేదు. రెండు మూడు పేజీల నోటు చాలు. మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి ఏ.టి.పి. గురించి 1929లో 'సైన్స్' పత్రికలో వేసింది రెండు పేజీలే. అదే ఏడు జర్మనీలో లోమన్ వేసిందీ చిన్న నోటే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నలులో ఇట్లాంటి నోట్లకు ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది. సలీం అలీ గారి వంటి మహనీయుడు సంపాదకత్వం వహించిన పత్రిక అది. కోయంబత్తూరు నుంచి 2009లో మొదలైన 'జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా' కూడా చిన్న నోట్లు వేస్తుంది.

చిన్నది కదా అని సులువనుకోవద్దు. సంపాదకుడు మీ నోటును ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్లు మొహమాటం లేకుండా అడుగుతారు. ఇది ఆ పురుగేనని ఎట్లా చెప్పగలవు? దీని దాయాదులు తూర్పు కనుమల్లో వేరేవి ఉన్నాయే? పిల్ల పురుగుకు నీలం తక్కువ కదా, రంగు చూసి ఎట్లా తేల్చావు? ఎన్ని చెట్లు వెతికావు? ఫోటో ఏది, కొలత ఏది, తేదీ ఏది? కోపం తెచ్చుకోకుండా జవాబు రాసుకోవాలి. తిప్పి పంపితే అవమానం కాదు, ఉచితంగా దొరికిన పాఠం. "ఇన్ని రాత్రులు, ఇన్ని చెట్లు చూశాం, కనపడలేదు" అన్నది కూడా వార్తే. లెక్క సరిగ్గా ఉంటే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామనే పత్రికలు పుట్టగొడుగుల్లా ఉన్నాయి. అడిగేవాడూ లేడు, దిద్దేవాడూ లేడు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ ప్రచురణ సంస్థ, పరిశీలన గురించి, రుసుముల గురించి రచయితలను మోసగించిందని అమెరికా ప్రభుత్వ సంస్థ కోర్టుకెక్కింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. తండ్రి సైకిలు మీద బట్టలమ్మి పంపిన డబ్బు అట్లాంటి చోట పోయడం మాకు సమ్మతం కాదు.

ఇంకో మాట. అచ్చులో చెట్టు ఆనవాలు కచ్చితంగా ఇవ్వకండి. ఈ నీలి పురుగును విదేశాల్లో పెంపుడు జంతువుగా కొంటారు. మీ నోటు చదివి దొంగలు రాగలరు. సంపాదకుడికి చెప్పండి, అచ్చులో మండలం పేరు చాలు.

ఆళ్లగడ్డ పిల్లలకు అహోబిలం అడవి దగ్గర. ముందు అటవీశాఖ వారి అనుమతి అడగండి. మీ జువాలజీ మాస్టారును వెంటబెట్టుకుని పోండి. పురుగును పట్టవద్దు, ఫోటో తీసి, తేదీ, వేళ, చెట్టు పేరు, తొర్ర నేలనుంచి ఎంత ఎత్తో అక్కడే నోటుబుక్కులో రాసుకోండి. ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే సగం మరిచిపోతారు.