ట్రాక్టర్ కిరాయి ఎంత పెట్టాలె?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ట్రాక్టర్‌కు ఏడాది పొడుగునా పని ఉండదు. తొలకరికి పత్తి చేన్ల దుక్కి, జూరాల కాల్వ కింద వరి మడులు, యాసంగికి వేరుశనగ చేన్లు. మిగతా రోజులు బండి చెట్టు కిందనే ఉంటది. కిస్తీ మాత్రం ఆగదు. అందుకే ఒక్క డీజిల్ చూసి ధర చెప్పొద్దు.

ఉదాహరణకు కిస్తీ, ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్లు కలిపి ఏడాదికి 1,50,000 రూపాయలు అనుకుందాం. బండి 500 గంటలు తిరిగితే గంటకు 300 పడతది. 300 గంటలే తిరిగితే 500 పడతది. దాని మీద గంటకు డీజిల్ 500, డ్రైవర్ కూలి 150 కలపండి. అంటే 300 గంటల బండికి 1,150 రావాలె.

పక్కోళ్లు తక్కువకు దున్నుతున్నరని మనమూ తగ్గిస్తే, ఆ తేడా మన పొదుపు పైసల నుంచే పోతది. తగ్గించాలంటే ముందు గంటలు పెంచాలె. చేన్లకు పెంట తోలొచ్చు, కొనుగోలు కేంద్రానికి వడ్లు తోలొచ్చు.

ఒంటరి మహిళల చేనుకు తగ్గింపు ఇయ్యాలంటే మీటింగ్‌ల తీర్మానం రాయండి. డ్రైవర్ నోటి మాటతో ధర మారొద్దు. బండి మీటర్ గంటలు రోజూ పుస్తకంల ఎక్కించండి. ఏడాది చివర ఆ పుస్తకమే మనకు వచ్చే ఏటి ధర చెప్తది.