రెండు కళాశాలలు, నడుమ ఒక వంతెన



మీ ఇల్లు జంషెడ్‌పూర్‌లోని మాంగోలో ఉందనుకుందాం. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం మీది. ఇంటర్ అయింది, బీఎస్సీ భౌతికశాస్త్రం చదవాలని ఉంది. మాంగోలోనే జంషెడ్‌పూర్ వర్కర్స్ కాలేజీ ఉంది. సువర్ణరేఖ దాటితే సాక్చీలో, 1961లో మొదలైన కరీం సిటీ కాలేజీ ఉంది. ఎందులో చేరాలి?

రెండింటిని పోల్చేటప్పుడు ముందుగా సమానంగా ఉన్నదాన్ని పక్కన పెడతాం. ఇక్కడ అది పట్టా. 2009లో చాయ్‌బాసాలో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం పరిధిలోనివే ఈ రెండూ. ఏ పట్టాకు విలువ ఎక్కువని ఇంట్లో ఎంత వాదించుకున్నా తేలేది తక్కువే.

ఇక మారే రాశులు చూద్దాం. మొదటిది కాలం. వంతెన మీది రద్దీతో రానూపోనూ రోజుకు ఒక గంట అదనంగా పడుతుందనుకోండి. ఏడాదికి 180 పనిదినాలైతే 180 గంటలు. రెండు క్రెడిట్ల ప్రాక్టికల్స్‌కు సెమిస్టరులో కేటాయించేది సుమారు 60 గంటలు. అంటే మూడు సెమిస్టర్ల ప్రాక్టికల్స్ కాలం ఒక్క ఏడాదిలో దారిలోనే పోతుంది!

ఈ లెక్క దగ్గరి కాలేజీ వైపే మొగ్గుతుంది. అయితే ఆ 60 గంటలు నిజంగా జరుగుతున్నాయా? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఒక స్పెక్ట్రోమీటరు చుట్టూ ఎనిమిదిమంది నిలబడితే పట్టకాన్ని సరిచేసేది ఒక్కరే, తక్కిన ఏడుగురూ రీడింగులు రాసుకునేవారే. రెండు చోట్లా రెండో సంవత్సరం విద్యార్థుల రికార్డు పుస్తకాలు అడిగి చూడండి. అధ్యాపకుల సంతకాల కింద తేదీలు సెమిస్టరంతా పరచుకుని ఉన్నాయా, పరీక్షకు ముందు వారంలోనే గుంపుగా ఉన్నాయా? ఏ కరపత్రమూ చెప్పని సంగతి ఆ తేదీలు చెబుతాయి.

గేటు దగ్గర ర్యాంకర్ల ఫొటోలు కనిపిస్తే, పరీక్ష రాసిందెందరని అడగండి. లవం చూపించి హారం దాచిన భిన్నం అది! న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, మీ శాఖకు కాదు. మీ శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారో విడిగా తెలుసుకోండి.

ఆడపిల్లలకు ఇంట్లో "దగ్గరిది చాలులే" అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకండి. ప్రాక్టికల్స్ ముగిసే వేళకు ఆటో దొరుకుతుందా అన్నదీ కొలవవలసిన రాశే. ఒక వారం నాన్నగారితోనో అన్నయ్యతోనో ఆ దారిన వెళ్ళివచ్చి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి అమ్మకు చూపండి. భయానికి అంకెలతో జవాబు చెప్పడం సులువు. అంకెలు ఎదురు తిరిగితే అదీ ఒప్పుకోవాలి.

చివరగా నాలుగో సంవత్సరం. 2022 నాటి యూజీసీ విధానం ప్రకారం పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు కావాలి. ఆ పరిశోధనకు మీ శాఖలో మార్గదర్శకులు ఎవరో, వారు ఏ అంశంపై పనిచేస్తున్నారో చేరకముందే శాఖాధిపతిని కలిసి అడగండి. ఆయన ఎంత వివరంగా చెబుతారో కూడా నోటు పుస్తకంలో రాసుకోండి.