గొట్టం కడిగే చేతులు

ఎండోస్కోపీ తర్వాత రక్తానికెక్కే ఇన్ఫెక్షన్ అరుదు. అరుదని ఊరుకుంటే అది ఎక్కడి నుంచి వస్తుందో చూడం. మామూలు ఎండోస్కోపీలో నూటికి నలుగురి రక్తంలో కాసేపు బ్యాక్టీరియా కనిపిస్తుంది. పళ్లు తోముకున్నప్పుడు అంతకంటే ఎక్కువమందిలోనే కనిపిస్తుంది, ఒళ్లు దాన్ని తానే వదిలించుకుంటుంది. పిత్తనాళం మూసుకుపోయినవారికి ఆ నాళంలోకి చేసే ఎండోస్కోపీ, ఇ.ఆర్.సి.పి., చేస్తే ఆ లెక్క నూటికి 18 దాకా పోతుంది. ముప్పు ఎక్కువగా రెండు చోట్ల ఉంది: లోపల నిలవపడ్డ పిత్తంలో, ముందు రోగి నుంచి ఎండోస్కోపీ గొట్టం మోసుకొచ్చే మురికిలో.

రెండోది మన చేతుల్లోనిది. 2015లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ఆసుపత్రిలో ఇ.ఆర్.సి.పి.కి వాడే గొట్టాలైన డ్యుయోడెనోస్కోపుల ద్వారా మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా ఏడుగురికి సోకినట్టు బయటపడింది, వారిలో ఇద్దరు చనిపోయారు. తయారీదారు చెప్పినట్టే శుభ్రం చేశామని ఆసుపత్రి చెప్పింది. గొట్టం కొసన కదిలే చిన్న మీట సందుల్లోకి బ్రష్ సరిగా పోదు. అక్కడ ఎండిన మురికి పొరగా గట్టిపడితే క్రిములను చంపే గ్లుటరాల్డిహైడ్ ద్రవం కూడా లోపలికి దిగదు. అందుకే గొట్టం బయటికి తీసిన వెంటనే, మంచం పక్కనే కడగడం మొదలుపెట్టాలి. చివర్న గొట్టం లోపలి ఛానెల్‌ను గాలితో పూర్తిగా ఆరబెట్టాలి. రాత్రంతా నిలిచిన తేమలో సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరుగుతుంది.

అందరికీ ముందుగా ఒక యాంటీబయాటిక్ సూది వేస్తే పోదా అంటారు. గుండె కవాట జబ్బు ఉన్నా సరే, గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) సోకుతుందన్న భయంతోనే ఈ పరీక్షలకు మందు ఇవ్వనక్కర్లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే చెప్పింది. పిత్తం పూర్తిగా దిగదనుకున్నప్పుడు, కాలేయం చెడి రక్తస్రావమవుతున్నప్పుడు ఇవ్వాలి, నిజమే. కానీ మందుకు లొంగని క్రిమికి ఆ సూది అడ్డం కాదు. ఇంకో అభ్యంతరం బరువైనది: రోగులు బారులు తీరితే కడిగే తీరిక ఎక్కడిది? కడగడానికి పట్టే సమయమే రోజుకు ఎన్ని పరీక్షలో తేల్చాలి. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని రోజుల్లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం క్షయరోగులను ఎక్కువగా గాలి, విశ్రాంతి, క్రమశిక్షణలతో కాపాడుకుంది. ఈ నేలకు ఆ ఓపిక కొత్త కాదు.

పరీక్షయ్యాక మదనపల్లె ప్రాంతంలోని బి.కొత్తకోట పక్క పల్లెకు తిరిగి వెళ్లే మనిషికి ఒకటి చెప్పి పంపండి: చలితో వణుకు వస్తే, జ్వరం వస్తే, మాత్ర మింగి పడుకోవద్దు, వెంటనే రండి. వచ్చినప్పుడు, ఆలస్యం కాకుండా, యాంటీబయాటిక్ కంటే ముందు రక్తం కల్చర్‌కు తీయండి. ఏ గొట్టంతో పరీక్ష చేశారో రిజిస్టర్‌లో వెతకండి.