దస్తావేజు లేని హక్కు



కొన్నేళ్ల క్రితం ఈ చెన్నపట్నంలోనే ఒక తెలుగు కుటుంబం నా వద్దకు వచ్చింది. వారి ముత్తాత తెలుగు పిల్లల చదువు కోసం రాసి ఇచ్చిన స్థలంలో తెలుగు బోధన ఆగిపోయింది. ధర్మపత్రం ఉందా అని అడిగాను. అది రిజిస్టరు కాని పత్రం. ఇల్లు మారినప్పుడు పాత పెట్టెలోని కాగితాలతో పాటు తూకానికి అమ్మేశామని ఆ ఇంటి పెద్దావిడ కంటతడి పెట్టారు. ఆ వ్యాజ్యం నేను వేయలేకపోయాను.

నాటి నుండి చరిత్రశాలలను నేను చూసే చూపు మారింది. అవి సెలవునాటి కాలక్షేపానికి కాదు; ఒక జనసమూహం తన సాక్ష్యాలను దాచుకొనే చోట్లు.

ఈ నగరంలో మన సాక్ష్యాలకు కొదవ లేదు. 1639లో ఆంగ్ల కంపెనీకి ఇక్కడ కోట కట్టుకొనే అనుమతి ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నమైంది. ఆ కోటలోనే 1948 నుండి సంగ్రహాలయం ఉంది. 1812లో ఏర్పడిన మద్రాసు లిటరరీ సొసైటీ సేకరణలతో 1851లో మొదలైన ప్రభుత్వ సంగ్రహాలయం 1854లో ఎగ్మూరుకు మారింది. కృష్ణాతీరపు అమరావతి శిల్పాలు నేడు అక్కడ ఉన్నాయి. మెకంజీ, బ్రౌను సేకరించిన తెలుగు రాతప్రతులు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

మెకంజీ సేకరణ అంటున్నాం. ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించినవారిలో, శాసనాలు చదివినవారిలో ముందువరుసలో నిలిచింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. 1821లో మెకంజీ మరణించాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. అంతటి పనికి స్వదేశీయుడు తగడని 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంఘం తేల్చింది. ఆయన ఇదే నగరంలో హిందూ లిటరరీ సొసైటీని నడిపాడు.

ఇక చట్టం మాట. రాజ్యాంగం 29(1) అధికరణం ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని పరిరక్షించుకొనే హక్కును ఇచ్చింది. భాషా రక్షణ కోసం ఉద్యమించడం కూడా ఆ హక్కులో భాగమేనని 1964లో జగదేవ్ సింగ్ సిద్ధాంతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. పరిరక్షించుకొనే హక్కు మనది కనుక, మొదటి బాధ్యత కూడా మనదే. మనం తూకానికి అమ్ముకున్న దానిని ఏ న్యాయస్థానమూ తిరిగి ఇప్పించలేదు.

కనుక మూడు పనులు చేద్దాం. ప్రతి ఇంటా ఉన్న దానపత్రాలు, జమాఖర్చు పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, బడి రిజిస్టర్లు వెతికి నకళ్లు తీయిద్దాం. తెలుగునేలకు చెందిన వస్తువుల వివరాలు తమిళం, ఆంగ్లంతో పాటు తెలుగులోనూ ఉండాలని సంగ్రహాలయాలకు విన్నవిద్దాం; ఇది తమిళంతో తగవు కాదు, ఈ ఊరి చరిత్రను పూర్తిగా చెప్పమనే కోరిక. రాతప్రతుల స్థితి తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని వాడుదాం.

రేపు ఎవరైనా మన పిల్లలను ఎక్కడినుండి వచ్చారని అడిగితే, వారు తలదించుకోకూడదు. చేతిలో కాగితం ఉండాలి. దానిని చదవగల తెలుగు వారికి వచ్చి ఉండాలి.