పగిలిన రాయి, పీల్చిన ధూళి

  పట్టాలు అందుకున్న పిల్లలూ, నేరుగా రాళ్ల సంగతికి వస్తాను.

గండి వీరాంజనేయస్వామి దర్శనానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. అక్కడ పాపఘ్ని కోసుకుంటూ పోయిన రాతి వరుసలకు ఆ ఏటి పేరే స్థిరపడింది. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ రాసిన కడప రాళ్ల గ్రంథం నుంచీ అదే వాడుక. ఈసారి వెళ్లినప్పుడు ఒక పలుగురాయి ముక్క తీసి సుత్తితో కొట్టి చూడండి. చదునైన ముఖం రాదు. గవ్వ లోపలివైపులా నున్నగా వంపు తిరిగి పగులుతుంది. గాజు సీసా ముక్క కూడా అలాగే పగులుతుంది. మరి రెండూ ఒకటేనా?

కాదు. పలుగురాయిలో పరమాణువులు వరుస తప్పకుండా అమరి ఉంటాయి. అయితే సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య బంధం అన్ని దిక్కులా గట్టిదే కాబట్టి, చీలడానికి బలహీనమైన తలం దొరకదు. గాజులోనూ అవే బంధాలున్నాయి గానీ దూరం దాకా సాగే వరుస లేదు, కనుక తలం అన్న మాటే రాదు. అదే కాల్సైట్‌ను కొట్టండి. ఎన్ని ముక్కలు చేసినా ముఖాల మధ్య సుమారు 75, 105 డిగ్రీల కోణాలే వస్తాయి. వేముల వైపు ముగ్గురాయీ తన తలాల వెంబడే చీలుతుంది. వంపు పగులు కనిపించగానే ‘ఇది స్ఫటికం కాదు’ అని రాసిన పిల్లలకు నేను ఏనాడూ మార్కులు వెయ్యలేదు. ఎక్స్‌రే పెట్టి చూడాలి. స్ఫటికమైతే సూదిగా శిఖరాలు లేస్తాయి, గాజైతే వెడల్పాటి గుట్ట ఒకటి కనిపిస్తుంది.

జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో బండ లేపే మేస్త్రీ దెబ్బ వేసే ముందు పొర ఎటు పోతోందో చూసుకుంటాడు. అది ఖనిజం చీలిక కాదు, నీటి అడుగున మడ్డి పేరుకున్న పొర. రెంటినీ కలిపేసి మాట్లాడకండి.

ఇక నన్ను ఇన్నేళ్లుగా వదలని దిగులు చెప్తాను. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె, లింగాల వైపు రాతినార గనులకు వెళ్లేవాణ్ణి. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిల వచ్చి వేంపల్లె డోలమైట్‌లోకి చొరబడితే, ఆ వేడికి, నీటికి పుట్టిన ఖనిజం అది. దాని పొరలు గొట్టాలుగా చుట్టుకుని ఉంటాయి కనుక నిలువునా చీలుతుంది. చీలిన నార మళ్లీ చీలుతుంది, కంటికి ఆననంత సన్నమయ్యేదాకా. ఆడవాళ్లు వరుసగా కూర్చుని సుత్తులతో రాయి చిట్లగొట్టి నార వేరు చేసేవాళ్లు. కొంగు ముక్కుకు కట్టుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు. సరిపోదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. 1986లో కేంద్రం రాతినార గనులకు కొత్త లీజులు ఆపేసింది, 1993లో రెన్యువళ్లూ ఆపేసింది. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నార అక్కడే ఉండిపోయింది.

రాతినార ఒక్కటే కాదు. పలుగురాయిలా స్ఫటిక రూపంలో ఉన్న సిలికా ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. వరుస లేని సిలికాను ఆ జాబితాలో పెట్టలేదు. మూలకాలు అవే, అమరిక వేరు. పైగా అప్పుడే పగిలిన పలుగురాయి ముఖం మీద తెగిన బంధాలు ఉంటాయి. పాత ధూళి కంటే అది ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు. ఆ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు.

అమ్మా, నాయనా, మీ మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. క్వారీకి శిక్షణకు వెళ్తారు, మాస్కు మెడకు వేలాడదీసి ఫొటో దిగుతారు. మీ కింద పనిచేసే మనిషి మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు. ఇంజనీరే పెట్టుకోకపోతే వాడెందుకు పెట్టుకుంటాడు? డ్రిల్లు దగ్గర నీళ్లు లేవంటే పని ఆపించండి. బండ కోసే రంపం మీద నీళ్లు పడాల్సిందే. తడిస్తే ధూళి లేవదు, ఖర్చూ పెద్దది కాదు. మేనేజరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

క్రషర్లలో, సెరామిక్ ఫ్యాక్టరీల్లో చేరబోయేవాళ్లు మొదటి నెలలోనే గాలిలోని ధూళిని ఫిల్టరు మీద పట్టి ల్యాబుకు పంపండి. రాగి గొట్టపు ఎక్స్‌రేలో 26.6 డిగ్రీల దగ్గర లేచే శిఖరం ఎంత ఎత్తుందో చూడండి. మీ కూలీలు పీలుస్తున్న పలుగురాయి ధూళి అదే. ల్యాబు ఇచ్చిన కాగితం మేనేజరు బల్ల మీద పెట్టండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.